నూజివీడు చిన్న తోట: నిర్వహణ ఎవరి చేతిలో ఉంది?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల మెట్ట భూముల్లో రెండెకరాల మామిడి తోట ఉన్న రైతుకు సలహాలకు కొరత లేదు. కోత అయిపోగానే కొమ్మలు కత్తిరించమని శాస్త్రవేత్తలు చెబుతారు. కాయకు కవరు కట్టమని ఉద్యాన శాఖ చెబుతుంది. పురుగుమందులు మాని జీవామృతం వాడమని ప్రకృతి సేద్యం సిబ్బంది చెబుతారు. సంఘంగా ఏర్పడి ఢిల్లీకి నేరుగా పంపుకోమని మార్కెటింగ్ నిపుణులు చెబుతారు. చెట్లు నరికి పామాయిల్ వేసుకోమని పక్క పొలం రైతు చెబుతాడు. ఒక్కొక్కరి మాట విడిగా వింటే సబబుగానే ఉంటుంది. కలిపి వింటే రైతుకు ఏ పని ముందు చేయాలో పాలుపోదు.

చిన్న కమతాన్ని మెరుగైన నిర్వహణతో నిలబెట్టవచ్చా అన్న చర్చ మన దేశంలో డెబ్బై ఏళ్లుగా సాగుతోంది. ఆ చర్చలో ఎవరు ఏమన్నారు, అందులో మామిడి తోటకు ఎంతవరకు పనికొస్తుంది, ఇంకా తేలనిదేమిటి అన్నది ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్కలు మొదలైన చోటు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలో ప్రణాళికా సంఘం పరిశోధన కార్యక్రమాల కమిటీ ఆధ్వర్యంలో వ్యవసాయ నిర్వహణ అధ్యయనాలు మొదలయ్యాయి. రైతు ఇంటికి వెళ్లి కూలి, ఎరువు, ఎద్దుల పని, దిగుబడి, అమ్మకం అన్నీ పద్దు రాసిన తొలి పెద్ద ప్రయత్నం అది. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంచుకున్నది పశ్చిమ గోదావరి జిల్లా. 1957-58 నుంచి మూడేళ్లపాటు అక్కడ లెక్కలు సేకరించారు. ఆ జిల్లాలోంచి ఏర్పడిన ఏలూరు జిల్లాలోకే 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి మారింది.

ఈ అధ్యయనాల అంకెల ఆధారంగా 1962లో అమర్త్య సేన్ ఒక విషయం ఎత్తి చూపారు. కమతం పెద్దదవుతున్నకొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోందన్నది దాని సారం. చిన్న రైతు ఇంటిల్లిపాదీ పొలంలో దిగుతారు, ఆ కష్టానికి కూలి లెక్క వేసుకోరు, అందుకే ఎకరాకు ఎక్కువ పండిస్తారని ఆయన వివరణ. ఎ.ఎం. ఖుస్రో, మన కరీంనగర్ ప్రాంతం నుంచి వెళ్లిన చెన్నమనేని హనుమంతరావు వంటి ఆర్థికవేత్తలు ఈ చర్చను ఇంకా లోతుకు తీసుకెళ్లారు. నేల సారం తేడాల వల్లనా, నీటి వల్లనా, పంటల ఎంపిక వల్లనా అని ప్రశ్నించారు. 1964లో అమెరికన్ ఆర్థికవేత్త థియోడర్ షుల్జ్ మరో వాదన తెచ్చారు. సంప్రదాయ రైతు తన దగ్గరున్న వనరులను బాగానే వాడుతున్నాడు, అతనికి కావలసింది కొత్త వనరులే అన్నారు.

ఈ రెండు మాటల నుంచి రెండు రకాల విధానాలు వచ్చాయి. 1970ల తొలినాళ్లలో చిన్న రైతుల అభివృద్ధి ఏజెన్సీలు అప్పు, సబ్సిడీ చేతికిచ్చే దారి పట్టాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు ప్రోత్సాహంతో డేనియల్ బెనార్ రూపొందించిన శిక్షణ, సందర్శన పద్ధతి వచ్చింది. పరిశోధన కేంద్రంలో తయారైన సిఫారసును గ్రామ సేవకుడు పక్షానికోసారి రైతుకు చేరవేయడం దాని నమూనా. సిఫారసు ఒకటే, రైతులు మాత్రం రకరకాలు. ఈ లోపం బయటపడిన కాలంలోనే వ్యవసాయ వ్యవస్థల పరిశోధన అనే కొత్త ఆలోచన బలపడింది. పంటను కాకుండా పంట, పశువు, ఇల్లు, కూలి, అప్పు కలిసిన కుటుంబాన్ని యూనిట్‌గా చూడాలన్నది ఆ పక్షం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు వంటి గ్రామాల్లో ఇంటింటి లెక్కలు రాసింది కూడా ఈ దృష్టితోనే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1997లో ఆసియా చిన్న కమతాల నిర్వహణపై మెకానెల్, డిల్లన్ రాసిన గ్రంథాన్ని ప్రచురించింది. అందులోనూ ఇల్లూ పొలమూ వేరు కావన్నదే పునాది.

ఈ చరిత్రలో ఎక్కువ భాగం వరి, జొన్న, వేరుశనగ చుట్టూ తిరిగింది. ఏటా విత్తి ఏటా కోసే పంటలో తప్పు జరిగితే వచ్చే ఏడాది దిద్దుకోవచ్చు. మామిడిలో ఆ వీలు లేదు. ఇవాళ నాటిన అంటు మొక్క మనవళ్ల కాలం వరకూ ఉంటుంది. నాటిన దూరం తప్పయితే అది పదిహేనో ఏట కొమ్మలు కలిసిపోయినప్పుడు గాని తెలియదు.

తోట స్వభావం

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 చెట్లు. అంటే సగటు కమతమంతా మామిడే అయినా చెట్లు సుమారు 94. ఆ చెట్ల మీద ఇంటి ఖర్చంతా ఆధారపడి ఉంటుంది. ఆదాయం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పూత డిసెంబరు, జనవరిలో. కోత మార్చి చివర మొదలై జూన్ దాకా. బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలసిపోతుంది. పూత మీద వాన పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. పిందె మీద తామర పురుగు గీకితే మంగు మచ్చ. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క ఈదురుగాలికి కాయంతా నేలపాలు. వీటన్నిటికీ ముందు పెట్టుబడి రైతుదే.

అమర్త్య సేన్ చెప్పిన చిన్న రైతు బలం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. ముప్పై ఏళ్ల ముదురు చెట్టు పై కొమ్మలకు మందు తగలాలంటే ఇంటి మనుషుల చాకిరీ చాలదు. ట్రాక్టరు స్ప్రేయరు కావాలి, డ్రమ్ముల కొద్దీ నీళ్లు కావాలి, రోజు కూలీలు కావాలి. తామర పురుగు ఉధృతి పెరిగిన ఇటీవలి ఏళ్లలో మందు కొట్టే తడవలు కూడా పెరిగాయి. పెద్ద తోటలో ఈ ఖర్చు చెట్టుకు తక్కువ పడుతుంది, చిన్న తోటలో ఎక్కువ పడుతుంది. వరి చేలో చిన్న రైతుకు అనుకూలించిన సూత్రం తోటలో తిరగబడుతుంది.

అందుకే పూత మీద తోట అమ్ముకోవడం ఈ ప్రాంతంలో పాతుకుపోయింది. చేతిలో డబ్బు లేని రైతు పూత చూపించి బేరం కుదుర్చుకుంటాడు. కొన్ని తోటలు రెండు మూడేళ్లకు కలిపి ఇచ్చేస్తారు. కొన్నవారు మందులు కొడతారు, కాపలా పెడతారు, చిక్కంతో కోయిస్తారు, మార్కెట్‌కు తోలుతారు. తోట కొన్నవారికీ సొంత పెట్టుబడి అరుదు. కమీషన్ వ్యాపారి ముందుగా ఇచ్చిన అడ్వాన్సే వారి మూలధనం. అడ్వాన్సు తీసుకున్నాక సరుకు ఆ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి, ధర కూడా అక్కడే తేలాలి. తోట పట్టా ఒకరి పేర, పూత మరొకరి చేతిలో, పెట్టుబడి మూడో మనిషిది.

చర్చ ఇంత చిక్కుపడటానికి అసలు కారణం ఇదేనన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. సలహాలన్నీ తోట యజమానిని ఉద్దేశించి ఉంటాయి. జనవరి నుంచి మే దాకా తోటలో నిర్ణయాలు తీసుకునేది మాత్రం ఆయన కాదు.

మొదటి పక్షం: చెట్టును బాగు చేయాలి

నూజివీడు మామిడి పరిశోధన స్థానం, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం చెప్పే శాస్త్రం స్పష్టంగానే ఉంది. కోత పూర్తికాగానే జూన్, జులైలో ఎండు కొమ్మలు, లోపలి గుబురు తీసేస్తే ఎండ, గాలి ఆడతాయి. తెగులు తగ్గుతుంది, మందు లోపలికి చేరుతుంది. పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక తడి ఇవ్వాలి. కాయను తొడిమతో కోసి సొన కారిపోనివ్వాలి. కొత్తగా నాటేవారు 5 మీటర్ల ఎడంతో వేస్తే ఎకరాకు 160 చెట్లు పడతాయి, 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంతో అయితే 670కి పైగా. చెట్టు పొట్టిగా ఉంటుంది కాబట్టి మందు, కోత ఖర్చు తగ్గుతుంది. 2005-06లో జాతీయ ఉద్యాన మిషన్ మొదలయ్యాక ముదురు తోటల పునరుద్ధరణకు సాయం వచ్చింది. 2003 చివర మొదలైన సూక్ష్మ సేద్య పథకం డ్రిప్పు తెచ్చింది.

ఈ పక్షంతో శాస్త్రపరంగా పేచీ లేదు. పేచీ అమలు దగ్గరే. కొమ్మ కత్తిరింపు ఫలితం మరుసటి ఏడాదీ ఆపైనా వస్తుంది. ఒక్క సీజన్‌కు తోట కొన్న మనిషి ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? తోట మళ్లీ పూత మీద అమ్మేసే యజమాని కూడా అంతే. పూత బేరంలో కత్తిరించిన చెట్టుకు ఎక్కువ ధర పలికితే ఆయన పెట్టేవాడు. బేరం పూతను చూసి జరుగుతుంది గాని చెట్టు ఆరోగ్యాన్ని చూసి కాదు. పూత తెప్పించడానికి వాడే మందు కల్టార్ సంగతి దీనికి వ్యతిరేక దిశలో ఇదే పాఠం చెబుతుంది. పాదులో పోస్తే పూత ముందుగా, దట్టంగా వస్తుంది. మందు అవశేషం నేలలో నిలిచిపోతుంది. ఏటా మోతాదు మించి పోస్తే చిగురు కురచబారి చెట్టు నీరసిస్తుంది. లాభం కొన్న మనిషికి ఈ ఏడాదే అందుతుంది, నష్టం యజమానికి ఐదారేళ్ల తర్వాత తెలుస్తుంది.

సాగు పరిజ్ఞానం లేక తోటలు పాడవుతున్నాయన్న మాట కాబట్టి సగమే నిజం. పరిజ్ఞానాన్ని పెట్టుబడిగా మార్చే మనిషి లేకపోవడం మిగతా సగం.

రెండో పక్షం: కుటుంబాన్ని చూడాలి

ఏడాదికొక్క ఆదాయం మీద ఇల్లు నడవదు, కాబట్టి తోటలోనే నెలనెలా వచ్చే రాబడి సృష్టించాలన్నది వ్యవస్థల పక్షం. లేత తోటలో మొదటి ఐదారేళ్లు మినుము, పెసర, వేరుశనగ, కూరగాయలు. ముదురు తోటలో పశుగ్రాసం, గొర్రెలు, నాటు కోళ్లు, పాడి గేదెలు. 1982లో గుజరాత్ వాంసదాలో బైఫ్ సంస్థ మొదలుపెట్టిన వాడీ నమూనా ఈ ఆలోచనకు మంచి ఉదాహరణ. ఎకరం పండ్ల తోట, మధ్యలో అంతర పంటలు, గట్టు మీద కలప చెట్లు, ఇంటి అవసరాలకు నీటి ఏర్పాటు. నాబార్డు 2003-04 తర్వాత గిరిజనాభివృద్ధి నిధితో దీన్ని ఆంధ్ర ఏజెన్సీతో సహా చాలా చోట్లకు తీసుకెళ్లింది. ఉపాధి హామీలో ఐదెకరాల లోపు రైతుకు మామిడి మొక్కలు నాటించి మూడేళ్లు సాకడానికి కూలి ఇవ్వడం కూడా ఈ బాటలోదే.

ప్రకృతి సేద్యాన్ని కూడా ఈ పక్షంలోనే చేర్చాలి. రైతు సాధికార సంస్థ నడిపే ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. ఏడాది పొడవునా నేలను పంటతో కప్పి ఉంచాలని, బయటి నుంచి కొనే ఖర్చు తగ్గించుకోవాలని అది చెబుతుంది. కూరగాయల్లో, చిరుధాన్యాల్లో దీనికి దక్కిన ఆదరణ వాణిజ్య మామిడిలో ఇంకా రాలేదు. మచ్చ ఉన్న కాయకు మండీలో ధర కోత పడుతున్నంత కాలం రైతు మందు డబ్బా వదలడానికి జంకుతాడు. ఆ జంకును మొండితనమని కొట్టిపారేయడం అన్యాయం.

ఇదే పక్షం నుంచి వచ్చిన ఒక ప్రయోగం నూజివీడు మెట్టకు నేరుగా పనికొస్తుందనిపిస్తుంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ తదితర 7 కరవు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆదేశించలేదు. లెక్క చూసి తామే మార్చుకున్నారు. నిర్వహణ అంటే అధికారి సలహా మాత్రమే కాదని, రైతు తన అంకెలను తాను చదువుకోవడమని చూపించిన పని అది.

మూడో పక్షం: మార్కెట్‌ను దిద్దాలి

విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌లోనూ తోటల దగ్గరి కాటాల్లోనూ కాయ అమ్ముడవుతుంది. అక్కడి నుంచి లారీల్లో ఢిల్లీ, ఉత్తరాది నగరాలకు. జూన్‌లో ఉత్తరప్రదేశ్ దశేరి దిగేలోపు సరుకు చేరాలి కాబట్టి రైతు బేరమాడే వ్యవధి తక్కువ. కమీషన్, తరుగు, గ్రేడు కోత పోగా మిగిలేదే ఆదాయం. ఇందుకు ఈ పక్షం చెప్పే మందు రైతులు సంఘటితం కావడమే. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మాక్స్) చట్టం, 2002లో కంపెనీల చట్టంలో చేర్చిన ఉత్పత్తిదారుల కంపెనీ నిబంధనలు, 2020లో కేంద్రం ప్రకటించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం వరుసగా ఇదే చెప్పాయి.

విదేశీ మార్కెట్ ఆశ కూడా ఇందులో భాగమే. అమెరికా 2007లో వికిరణ శుద్ధి షరతుతో మన మామిడికి తలుపు తెరిచింది. పండు ఈగ కనిపించిందని 2014 మే 1 నుంచి ఐరోపా సంఘం మన మామిడిని ఆపేసి, 2015లో మళ్లీ అనుమతించింది. కాయకు కవరు కట్టడం, మిథైల్ యూజెనాల్ ఎరలు పెట్టడం పండు ఈగకు మంచి జవాబులే. ఎర బుట్ట నా తోటలో పెట్టి పక్క తోటలో రాలిన పండ్లు కుళ్లనిస్తే ఉపయోగం అంతంతమాత్రం. రెండెకరాల రైతుకు ఇది ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. సంఘం అవసరం అమ్మకం కంటే ముందు తోటలోనే మొదలవుతుందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఫ్యాక్టరీతో ముడిపెడితే ధర నిలుస్తుందన్న నమ్మకానికి చిత్తూరు సమాధానం చెప్పింది. 2011 నుంచి అక్కడ జైన్ ఇరిగేషన్, కోకాకోలా కలిసి అధిక సాంద్రత తోతాపురిని ప్రోత్సహించాయి. పల్ప్ ఫ్యాక్టరీలు దండిగా ఉన్నాయి. అయినా 2025లో ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించవలసి వచ్చింది.

మామిడినే వదలాలన్న పక్షం

దీన్ని చర్చలో చేర్చకుండా తప్పించుకోవడం కుదరదు. నూజివీడు చుట్టుపక్కల మామిడి చెట్లు కొట్టేసి పామాయిల్, మొక్కజొన్న వేస్తున్న పొలాలు పెరిగాయి. పెదవేగిలో భారత పామాయిల్ పరిశోధన సంస్థ పక్కనే ఉంది. 1993 రాష్ట్ర చట్టం కింద ఫ్యాక్టరీకి జోన్ కేటాయించి కొనుగోలు బాధ్యత పెట్టారు, ధర సూత్రం ప్రకారం ప్రకటిస్తారు. 2021 జాతీయ మిషన్ సబ్సిడీ పెంచింది. అన్నిటికన్నా ముఖ్యం, గెల ఏడాది పొడవునా దిగుతుంది, డబ్బు విడతలుగా వస్తుంది. పూత బేరం అక్కర్లేదు. మామిడిలో రైతు పోగొట్టుకున్న నిర్వహణ హక్కు పామాయిల్‌లో అతనికే మిగులుతోంది. రైతు అత్యాశతో చెట్టు నరకడం లేదు.

అయితే నీటి లెక్క వేరు. ఎకరాకు 57 చెట్లు, వేసవిలో ఎదిగిన చెట్టుకు రోజుకు సుమారు 200 లీటర్లు. ఎకరానికి రోజూ 11 వేల లీటర్లకు పైమాట. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు వస్తే వచ్చినట్టు. చింతలపూడి ఎత్తిపోతల పథకం ఏళ్లుగా పూర్తికాక నడుస్తోంది. భారమంతా బోరు మీదే. 2004 నుంచి కరెంటు ఉచితం కావడంతో ఈ నీరు రైతు పద్దులో ఖర్చుగా కనిపించదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

చెట్టు పక్షానికి శాస్త్రం ఉంది, దాన్ని అమలు చేసే పెట్టుబడిదారు లేడు. కుటుంబ పక్షం ఇంటి నగదు అవసరాన్ని సరిగ్గా గుర్తించింది గాని వాణిజ్య తోటలో నాణ్యత పోటీకి ఇంకా నమ్మకమైన జవాబు చూపలేదు. మార్కెట్ పక్షం కాయ కోశాక జరిగే దోపిడీని పట్టుకుంది. కాయ పుట్టకముందే అడ్వాన్సు రూపంలో బేరం ముగిసిపోతోందన్నది దాని చూపులో పడటం లేదు. పామాయిల్ పక్షం నగదు ప్రవాహాన్ని సరిచేసి నీటి ప్రశ్నను రేపటికి వాయిదా వేసింది.

నాలుగూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒక్కచోటే ఆగుతున్నాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా తోటకు డబ్బు ఎవరు పెడతారు? 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. నెలసరి ఆదాయం 10,480 రూపాయలు. ఈ స్థితిలో కొత్త అప్పు బ్యాంకు నుంచి కాక మండీ నుంచి రావడంలో వింత లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు పట్టాదారుకు దక్కుతుంది, తోటకు ఖర్చు పెట్టేది మరొకరు. కౌలుదారుకు గుర్తింపు ఇచ్చే 2019 సాగుదారు హక్కుల చట్టం పత్రాన్ని 11 నెలలకు, యజమాని సంతకంతో ఇస్తుంది. పూత మీద నోటిమాటతో జరిగే బేరం అందులో ఒదగడం కష్టం.

తేలనివి

అధిక సాంద్రత తోట చిన్న రైతుకు మేలా, లేక ఏటా కత్తిరింపు ఖర్చును కొత్త భారంగా మోపుతుందా అన్నది తేలలేదు. మెట్ట ఎర్ర నేలల్లో పదిహేనేళ్లు దాటిన అలాంటి తోటల ఆదాయ వ్యయాలు చూస్తేగాని చెప్పలేం. మచ్చలున్నా రుచి ఉన్న చిన్నరసం, పెద్దరసం వంటి కాయలను దగ్గరి పట్టణాల్లో వేరే ధరకు అమ్మగలిగితే ప్రకృతి సేద్యం లెక్క మారుతుందా అన్నది మరో ప్రశ్న. రసాలు దూర ప్రయాణం తట్టుకోవు, కాబట్టి విజయవాడ, ఏలూరు, గుంటూరు కొనుగోలుదారు మీదే ఈ ఆశ. మూడోది సంఘాల సంగతి. వాటికి మొదటి మూలధనం గ్రాంటుగా వస్తుంది, పూత కాలపు అప్పు ఇవ్వడానికి ఆ మూలధనం చాలదు.

వీటిలో ఏదీ తేలకముందే చేయగలిగిన పని ఒకటుంది. 1957లో పక్క జిల్లాలో వరి రైతు పద్దు రాసినంత శ్రద్ధగా ఇవాళ నూజివీడు మండలాల్లో చిన్న తోటల పద్దు రాయాలి. పూతకు అమ్మినవి, సొంతంగా చేసుకున్నవి, సంఘం ద్వారా అమ్మినవి వేర్వేరుగా, కాపు ఉన్న ఏడూ లేని ఏడూ కలిసేలా కనీసం నాలుగేళ్లు. ఆ పద్దు చేతిలో ఉంటే బ్యాంకు తోటను చూసి అప్పు ఇవ్వగలదు. జూన్ కత్తిరింపుకు కొంత, అక్టోబరు పెట్టుబడికి కొంత విడదీసి, తిరుగు చెల్లింపు కోతకు ముడిపెట్టవచ్చు. పరిశోధన స్థానం, ఉద్యాన శాఖ, సహకార బ్యాంకు మూడూ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. వచ్చే కోత ముగిసేలోపు ఆ మూడూ కలిసి ఒక్క మండలంలోనైనా ఈ పని ఆరంభించాలి.